ఎన్నికలప్పుడు పోలీసులకు అప్పగించి తెచ్చుకున్న .32 పిస్టల్‌కి తుప్పు మచ్చలు. ఏ నూనె వాడాలి?

గోదారి_రైతు
నాన్నగారి తర్వాత లైసెన్సు నా పేరు మీదికి వచ్చింది. ఇషాపూర్ ఫ్యాక్టరీ చేసిన అశని పిస్టల్, .32 సైజు. మాది కోనసీమ, కొబ్బరి తోటలు. 2024 ఎన్నికలకు అందరితోపాటు నేనూ పిస్టల్‌ని పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేశాను. కోడ్ ముగిశాక కూడా కాగితాల పని తెమలక, చేతికొచ్చేసరికి వానాకాలం సగం అయిపోయింది. ఇంటికి తెచ్చి చూస్తే స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం) ముందు వైపు గోధుమరంగు చుక్కలు. లోపల తేనెరంగు బంక. స్లైడ్ లాగితే బరువుగా వస్తోంది, వదిలితే నత్తనడకన వెళ్తోంది. తుడిచి, నూనె రాసి ఇచ్చిన వస్తువు ఇలా తిరిగొస్తే ఎవరిని అడగాలి? నాన్నగారు దాన్ని ఎంత అపురూపంగా చూసుకునేవారో ఇంట్లో అందరికీ తెలుసు, అందుకే ఇంకా బాధ.
సరే, ఇప్పుడు దీన్ని శుభ్రం చేయడం ఎలా? మా బావ కొబ్బరినూనె రాయమంటాడు. ఊళ్లో మెకానిక్ డబ్ల్యూడీ-40 కొట్టమంటాడు. ఇంట్లో కుట్టుమిషన్ నూనె ఉంది. చేసి చూసినవాళ్లు చెప్పండి.

సీమ_బిడ్డ
కొబ్బరినూనె వద్దన్నా. అది తలకే.

కాకినాడ_తీరం
మా తాతయ్య డబుల్ బ్యారెల్‌కి జీవితమంతా కొబ్బరినూనే రాశారు. ఇప్పటికీ పేలుతుంది. ఎందుకు వద్దో కారణం చెప్పండి, ఊరికే వద్దనకండి.

ఏఆర్_బాబాయ్
నూనె సంగతి తర్వాత. ముందు ఒకటి అడుగుతాను, ఛాంబర్, అంటే పేలే ముందు తూటా కూర్చునే చోటు, ఖాళీ అని చూశారా? డిపాజిట్ నుంచి వచ్చింది కదా ఖాళీగానే ఉంటుంది అనుకోవద్దు. చేతులు మారిన ఆయుధాన్ని ప్రతిసారీ కొత్తగా చూడాల్సిందే.
వరుస గుర్తుపెట్టుకోండి. పిస్టల్ నోరు మనుషులు లేని వైపు, వేలు ట్రిగ్గర్‌కి దూరం. మొదట మ్యాగజైన్, అంటే తూటాలు నింపే పెట్టె, తీయాలి. ఆ తర్వాతే స్లైడ్ లాగాలి. ఈ రెండూ తారుమారైతేనే ప్రాణాలు పోతాయి. నేను ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసులో ఉండగా ఒక కుర్రాడు డ్యూటీ దిగి వచ్చి ముందు స్లైడ్ లాగాడు. లోపలి రౌండు, అంటే తూటా, బయట పడింది. అది కళ్లతో చూశాడు కాబట్టి ఖాళీ అయిందనుకున్నాడు. ఆ తర్వాత మ్యాగజైన్ తీశాడు. కానీ స్లైడ్ ముందుకు వెళ్లేటప్పుడే మ్యాగజైన్‌లోంచి ఇంకో రౌండుని ఛాంబర్‌లోకి తోసేసింది కదా. ట్రిగ్గర్ నొక్కాడు. పిస్టల్ నోరు ఇసుక డబ్బాలో ఉంది కాబట్టి అందరం బతికాం.
మ్యాగజైన్ తీశాక స్లైడ్ రెండు మూడుసార్లు లాగి, వెనక్కి పట్టి, వెలుతురులో ఛాంబర్ చూడండి. చిటికెన వేలు పెట్టి తడిమి కూడా చూడండి. రౌండ్లు వేరే గదిలో పెట్టి తలుపేసి రండి. అప్పుడు నూనె గురించి మాట్లాడుకుందాం.

గోదారి_రైతు
చూశాను బాబాయ్ గారూ. మ్యాగజైన్ తీసే ఉంది, ఛాంబర్ ఖాళీ. రౌండ్లు బీరువాలో ఉన్నాయి, తాళం మా ఆవిడ దగ్గర. అయినా మీరు చెప్పారని మళ్లీ చూశాను.

డాలస్_వాసు
బాబాయ్ గారి మాటకి ఇంకొకటి కలుపుతాను. మా దగ్గర ఎక్కువమంది ఇళ్లలో ఉండేది గ్లాక్ 19 పిస్టల్. దాన్ని విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కి తీరాలి, లేకపోతే స్లైడ్ ఊడదు. అంటే శుభ్రం చేయడానికి కూర్చున్న ప్రతిసారీ ట్రిగ్గర్ నొక్కుతాం. ఛాంబర్ చూడటం మర్చిపోయినవాడికి ఇక్కడ రెండో అవకాశం లేదు. కొత్తగా కొన్న మన కుర్రాళ్లకి నూనె కన్నా ముందు నేను నేర్పేది ఇదే.

ఏఆర్_బాబాయ్
బాగా చెప్పావు వాసూ. మా 9 ఎంఎం 1ఏ పిస్టల్, అంటే బ్రౌనింగ్ హై పవర్ నమూనాది, మ్యాగజైన్ తీసేస్తే ట్రిగ్గర్ నొక్కినా పేలదు. దానికి అలవాటు పడ్డవాళ్లు అన్ని పిస్టళ్లూ అంతే అనుకుంటారు. గ్లాక్ అలా కాదు. మ్యాగజైన్ లేకపోయినా ఛాంబర్‌లో రౌండు ఉంటే పేలుతుంది.

లోహాల_మాష్టారు
కాకినాడ తీరం గారు కారణం అడిగారు, చెప్తాను. కొబ్బరినూనె ఆరి బంకగా మారుతుందని చాలామంది అంటారు. అది పూర్తిగా నిజం కాదు, ఆ పని అవిసె నూనె చేస్తుంది. కొబ్బరినూనెతో ఇబ్బంది వేరే. 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. డిసెంబరు తెల్లవారుజామున సీసాలో ఎలా పేరుకుంటుందో పిస్టల్ లోపలా అలాగే పేరుకుంటుంది. పైగా నిలవుంటే, తేమ తగిలితే ముక్కిపోతుంది. ముక్కిన నూనెలో వదులుగా ఉండే ఫ్యాటీ ఆమ్లాలు లోహానికి మంచివి కావు. డబుల్ బ్యారెల్‌లో జారుతూ వేగంగా కదిలే భాగాలు తక్కువ, కాబట్టి తాతగారిది నడిచిపోయింది. సెమీ ఆటోమేటిక్‌లో ప్రతి పేలుడుకీ స్లైడ్ వెనక్కి వెళ్లి, ఖాళీ గుల్లను విసిరేసి, కొత్త రౌండుని తీసుకుని ముందుకు రావాలి. అక్కడ పేరుకున్న నూనె ఉంటే పని ఆగిపోతుంది.
మినరల్ నూనెలకు ముక్కిపోయే గుణం లేదు. కుట్టుమిషన్ నూనె అదే జాతి.

కాకినాడ_తీరం
ఇది ఒప్పుకుంటాను. మా తాతయ్య తుపాకీ తీసి చూస్తే చలికాలంలో లివర్ గట్టిగానే ఉంటుంది, కారణం ఇప్పుడు అర్థమైంది.

గచ్చిబౌలి_22
డబ్ల్యూడీ-40 గురించి ఎవరూ చెప్పలేదు. అది తేమను బయటికి నెట్టడానికి, పాత జిడ్డు కరిగించడానికి పనికొస్తుంది. అందులో ఎక్కువ భాగం ఆవిరైపోయేదే, మిగిలే పొర పల్చన. కొట్టి, తుడిచి, ఆ పైన అసలు నూనె రాస్తే తప్పులేదు. అదొక్కటే కొట్టి బీరువాలో పెట్టేస్తే మళ్లీ తుప్పే. స్ప్రే కొట్టేటప్పుడు ఫైరింగ్ పిన్ (తూటా వెనక కొట్టి పేల్చే సూది) రంధ్రంలోకి పోకుండా చూడండి.

సీమ_బిడ్డ
మావాళ్లు కిరసనాయిలుతో కడుగుతారు. అది సరేనా?

ఏఆర్_బాబాయ్
జిడ్డు కరగడానికి కిరసనాయిలు బాగానే పనిచేస్తుంది. కానీ కడిగాక లోహం మీద రక్షణ ఏమీ మిగలదు. వెంటనే పొడిగుడ్డతో తుడిచి నూనె రాయకపోతే కోనసీమ గాలికి తెల్లారేసరికి ఎర్రబడుతుంది. పెట్రోలు మాత్రం ముట్టుకోవద్దు, ఆ ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. పిడి మీది ప్లాస్టిక్ పలకలకి థిన్నర్, అసిటోన్ తగలనివ్వద్దు.

గోదారి_రైతు
అయితే వరుసగా ఏం చేయాలో ఒకరు చెప్పండి. పుస్తకం చూసి విప్పడం వచ్చు, నాన్నగారు నేర్పారు. విప్పాక ఏంటనేదే.

ఏఆర్_బాబాయ్
పుస్తకంలో ఎంతవరకు విప్పమన్నారో అంతవరకే విప్పండి. స్లైడ్, స్ప్రింగ్, మ్యాగజైన్ చాలు. ట్రిగ్గర్ లోపలి చిన్న స్ప్రింగుల జోలికి పోవద్దు, అది ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్ పని. విప్పేటప్పుడు స్లైడ్‌ని ముందుకు నెట్టే రికాయిల్ స్ప్రింగు ఎగిరి కంటికి తగలొచ్చు, కళ్లజోడు పెట్టుకోండి. కింద తెల్ల దుప్పటి పరుచుకుంటే పడిన చిన్న ముక్క కనపడుతుంది.
పళ్లు తోముకునే పాత బ్రష్‌తో కిరసనాయిలు గానీ గన్ సాల్వెంట్ గానీ రాసి బంకంతా వదిలించండి. స్లైడ్ ముఖం, అంటే గుల్ల వెనక భాగం ఆనుకునే చోటు, గుల్లను బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద, స్లైడ్ జారే పట్టాల గాడుల్లో మసి గట్టిగా పట్టి ఉంటుంది. అగ్గిపుల్ల కొసకి గుడ్డ చుట్టి గాడులు తుడవండి. బ్యారెల్‌కి కంచు బ్రష్, ఆ తర్వాత గుడ్డ పేలికలు, గుడ్డ తెల్లగా వచ్చేదాకా. బ్రష్ ఒక వైపు నుంచి పూర్తిగా బయటికి వచ్చాకే వెనక్కి లాగాలి. మధ్యలో తిప్పితే వెంట్రుకలు వంగి ఇరుక్కుంటాయి.

ఎన్‌సీసీ_పద్మ
బాబాయ్ గారి గుడ్డ పేలికల మాట వినగానే మా క్యాంపు గుర్తొచ్చింది. చిందీ అనేవాళ్లం. శుభ్రం చేయడానికి నాలుగంగుళాలు బై రెండు, నూనె రాయడానికి నాలుగు బై ఒకటిన్నర. నూనె గుడ్డ చిన్నది ఎందుకంటే అది కొంచెం వదులుగా వెళ్లాలి, లేకపోతే రాసిన నూనెను అదే తుడిచేస్తుంది. మా హవల్దార్ గారు కొలిచి చూసేవారు.

ఏఆర్_బాబాయ్
అవునమ్మా, ఆ కొలత రైఫిల్‌ది. పిస్టల్‌కి గుడ్డ ఇంకా చిన్నగా కత్తిరించుకోవాలి. పద్ధతి మాత్రం అదే.

గచ్చిబౌలి_22
బ్యారెల్ దగ్గర నేను బాబాయ్ గారితో ఏకీభవించను. గుడ్డ తెల్లగా వచ్చేదాకా తోమడం మా .22 స్పోర్ట్ పిస్టల్ వాళ్లు చేయరు. .22 గుండు మీద రాగి తొడుగు ఉండదు, మైనం లాంటి పూత పూసిన సీసం. ఆ పూత బ్యారెల్ లోపల సమంగా పట్టాకే గుళ్లు ఒకచోట పడతాయి. పూర్తిగా తోమేస్తే మొదటి కొన్ని గుళ్లు చెదురుతాయి. అందుకే ఛాంబర్, స్లైడ్ ముఖం, ఎక్స్‌ట్రాక్టర్ ప్రతి ప్రాక్టీసుకీ, బ్యారెల్ అప్పుడప్పుడూ. ఎక్కువ తోమడం వల్ల పాడైన బ్యారెళ్లు గచ్చిబౌలి రేంజ్‌లో చూశాను. ముఖ్యంగా నోటి దగ్గర రాడ్డు రాసుకుని అరిగినవి.

ఏఆర్_బాబాయ్
మీ ఆట వేరు బాబూ. మా కొలువులో ఫైరింగ్ అయిన రోజే కాదు, ఆ తర్వాత కూడా వరుసగా కొన్ని రోజులు బ్యారెల్ లాగించేవారు. .303 రైఫిళ్ల రోజుల్లో అయితే మరిగే నీళ్లు పోసి కడిగించారు. ఊరికే చేయించరు కదా.

లోహాల_మాష్టారు
ఇద్దరిదీ నిజమే, తేడా మందుగుండులో ఉంది. రౌండు అడుగున ఉండి మందుని అంటించేది ప్రైమర్. పాతకాలపు ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది మండాక పొటాషియం క్లోరైడ్ అనే ఉప్పు బ్యారెల్‌లో మిగులుతుంది. ఆ ఉప్పు గాలిలో తేమను పీల్చి ఉక్కుని తినేస్తుంది. ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలో కరుగుతుంది. అందుకే మరిగే నీళ్లు. ఇప్పటి ప్రైమర్లలో సాధారణంగా లెడ్ స్టిఫ్‌నేట్ ఉంటుంది, అది ఆ ఉప్పుని మిగల్చదు. కాబట్టి కొత్త రౌండ్లకి వేణ్నీళ్లు అక్కర్లేదు. సైన్యాలు అమ్మేసిన పాత సర్‌ప్లస్ రౌండ్లు కాల్చినవాళ్లకి మాత్రం ఇప్పటికీ అవసరం.

గచ్చిబౌలి_22
మరిగే నీళ్ల వెనక ఉప్పు ఉందని నాకు ఇంతవరకు తెలియదు మాష్టారూ. అయితే నోటి దగ్గర అరుగుదల సంగతి మాత్రం .32కి కూడా వర్తిస్తుంది. .32 పిస్టళ్లు దాదాపు అన్నీ బ్లోబ్యాక్ రకం, అంటే పేలుడు తోపుకే స్లైడ్ వెనక్కి వెళ్లేవి, వాటిలో చాలావాటికి బ్యారెల్ ఫ్రేముకే (పిడి ఉన్న చట్రానికే) బిగించి ఉంటుంది. అలాంటివాటికి నోటి వైపు నుంచే రాడ్డు పెట్టాలి. రాడ్డు అంచుకి రాసుకోకుండా నిదానంగా నడిపించండి.

డాలస్_వాసు
నూనె ఎంత అన్నదే అసలు ప్రశ్న. అందరూ అతిగా పోసేది ఇక్కడే. గ్లాక్ వాళ్ల పుస్తకం కొన్ని చుక్కలే అంటుంది. పట్టాలు ఆనే గాడులకి, బ్యారెల్ పైభాగానికి, లోపల ట్రిగ్గర్ బార్ అనే కడ్డీ కనెక్టర్ అనే రేకుని తాకే చోట ఒక చుక్క. అంతే. కొత్త గ్లాక్ స్లైడ్ లోపల రాగిరంగు గ్రీజు ఉంటుంది, మావాళ్లు కొందరు మురికి అనుకుని తుడిచేస్తారు. అది తుడవకూడదు, మొదట్లో పట్టాలు సర్దుకోవడానికే కంపెనీ రాసింది.
ఫైరింగ్ పిన్ గొట్టంలో నూనె వద్దే వద్దు. అక్కడ మసితో కలిసి ముద్దైతే పిన్ ప్రైమర్‌ని గట్టిగా కొట్టలేదు. మినెసోటాలో ఉండే మా ఫ్రెండ్ పిస్టల్ జనవరి చలిలో రౌండు మీద చిన్న గుంట పెట్టి ఊరుకుంది, పేలలేదు. విప్పి చూస్తే ఆ గొట్టం నిండా గట్టిపడ్డ నూనె.

సీమ_బిడ్డ
మ్యాగజైన్‌లో కూడా వేయకూడదా అన్నా?

డాలస్_వాసు
వేయకూడదు. మ్యాగజైన్ పొడిగా ఉండాలి. లోపల నూనె ఉంటే దుమ్ము పట్టి స్ప్రింగు బరువెక్కుతుంది, పైగా ఆ నూనె మెల్లగా ప్రైమర్‌లోకి దిగి రౌండునే చంపేయొచ్చు. పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

ఏఆర్_బాబాయ్
నూనె రాసిన చోట వేలు పెడితే మెరవాలి, కారకూడదు. కారితే మళ్లీ తుడవండి.

కాకినాడ_తీరం
వాసు గారూ, ఒక పక్క ప్రశ్న. మీ గ్లాక్ 9 ఎంఎం కదా, ఇండియాకి తిరిగొస్తే తెచ్చుకోవచ్చా?

ఏఆర్_బాబాయ్
వాసు బదులు నేనే చెప్తాను. 9 ఎంఎం మన దగ్గర నిషేధిత బోర్, అంటే మామూలు జనానికి అనుమతి లేని గొట్టం సైజు. మామూలు లైసెన్సు మీద ఉండటానికి వీల్లేదు. మనవాళ్ల చేతుల్లో .32 ఎక్కువగా కనపడేది అందుకే.

గోదారి_రైతు
చర్చ చదువుతూ బంకంతా వదిలించాను. కిరసనాయిలు, పళ్ల బ్రష్, తర్వాత పొడిగుడ్డ. పట్టాలకి కుట్టుమిషన్ నూనె చుక్కలు వేశాను. స్లైడ్ ఇప్పుడు వదలగానే టక్కున వెళ్తోంది! కానీ గోధుమ చుక్కలు పోలేదు. గరుకు కాగితంతో రుద్దనా?

లోహాల_మాష్టారు
వద్దు, చెయ్యి ఆపండి! ఆ నీలి నలుపు పైపూత రంగు కాదు. ఉక్కు పైపొరనే రసాయనంతో మాగ్నటైట్‌గా మారుస్తారు, బ్లూయింగ్ అంటారు. మాగ్నటైట్ కూడా ఇనుము ఆక్సైడే, కాకపోతే గట్టిగా అంటుకుని ఉండే రకం. ఎర్ర తుప్పు పొరలు పొరలుగా ఊడే రకం. గరుకు కాగితం రెండింటినీ కలిపి లేపేస్తుంది, తెల్ల ఉక్కు బయటపడుతుంది, అక్కడ తుప్పు ఇంకా తొందరగా వస్తుంది. వెనిగర్, నిమ్మరసం, చింతపండు కూడా అంతే, బ్లూయింగ్‌ని తినేస్తాయి.
చుక్కల మీద నూనె వేసి రాత్రంతా ఉంచండి. పొద్దున్నే రాగి లేక కంచు ముక్క అంచుతో మెల్లగా గీకండి. పాత రాగి కాసు దొరికితే చక్కగా సరిపోతుంది. రాగి ఉక్కు కన్నా మెత్తన, కాబట్టి తుప్పుని లేపుతుంది, ఉక్కుని గీయదు. నాలుగు సున్నాల స్టీల్ ఊల్ (అతి సన్నని ఉక్కు పీచు) దొరికితే నూనెతో తడిపి అదీ వాడొచ్చు, బరువు మోపకుండా.

ఎన్‌సీసీ_పద్మ
ఇంతమంది ఇన్ని చెప్పారు, ఒక్కరూ చేతులు కడుక్కోమని చెప్పలేదు. మా అమ్మాయి పిస్టల్ షూటర్, కాబట్టి ఈ విషయంలో నేను గట్టిగానే ఉంటాను. మాష్టారు చెప్పిన లెడ్ స్టిఫ్‌నేట్‌లో సీసం ఉంది, గుండులో సీసం ఉంది. ఆ నల్ల మసిలో అది కలిసి ఉంటుంది. గోళ్లలోకి, తిండిలోకి పోతే పిల్లల మెదడుకి హాని. భోజనాల బల్ల మీద, వంటింట్లో ఈ పని పెట్టుకోవద్దు. గాలి ఆడే వసారాలో, పాత పేపరు పరుచుకుని, చేతి తొడుగులతో చేయండి. ఆ పేపరు, పేలికలు మూటకట్టి పారేయండి. ఆ పళ్ల బ్రష్ మీద మార్కర్‌తో గుర్తు పెట్టండి, మళ్లీ బాత్రూమ్‌లోకి చేరకుండా. సబ్బు, చన్నీళ్లతో చేతులు కడిగాకే పిల్లల్ని ఎత్తుకోండి.

గోదారి_రైతు
వసారాలోనే చేశాను పద్మ గారూ, కానీ బ్రష్ తెచ్చి పంపు దగ్గరే పెట్టాను. ఇప్పుడే పారేశాను. మా మనవడు అన్నీ నోట్లో పెట్టుకునే వయసు.

గచ్చిబౌలి_22
అందరిదీ అయ్యాక ఒకటి. తిరిగి బిగించాక కూడా ఖాళీగా స్లైడ్ లాగి, సేఫ్టీ పనిచేస్తోందో లేదో చూడండి. .32కి ఖాళీ ట్రిగ్గర్ ఒకట్రెండుసార్లు పరవాలేదు. .22 వాళ్లు మాత్రం ఊరికే నొక్కద్దు. .22 రిమ్‌ఫైర్, అంటే గుల్ల అంచున కొడితే పేలే రకం, అందులో పిన్ నేరుగా ఛాంబర్ అంచుకి తగిలి గుంట పడుతుంది. డమ్మీ రౌండు పెట్టి నొక్కాలి.

గోదారి_రైతు
రాగి కాసు పనిచేసింది మాష్టారూ! నాన్నమ్మ పెట్టెలో దొరికింది. చుక్కలు దాదాపు పోయాయి. ముందు అంచు దగ్గర మాత్రం రెండుచోట్ల చిన్న గుంటలు మిగిలాయి, వేలికి తగులుతున్నాయి.

లోహాల_మాష్టారు
గుంటలు పడ్డాయంటే తుప్పు కొంత లోపలికి తినేసిందన్నమాట, ఆ లోహం తిరిగి రాదు. బయటి అంచున కాబట్టి పనికి అడ్డం కాదు. నూనె పొర ఎప్పుడూ ఉంచండి, గుంటలోనే తేమ ముందు నిలుస్తుంది.

ఏఆర్_బాబాయ్
బ్యారెల్ లోపల గానీ ఛాంబర్‌లో గానీ అలాంటి గుంట కనపడితే కాల్చకుండా లైసెన్సున్న డీలర్‌కి చూపించండి. వీధి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లొద్దు, మనకి పనీ పాడవుతుంది, కేసూ అవుతుంది. ఎలాగూ స్ప్రింగు పాతది కదా, అది కూడా ఆయన్నే చూడమనండి.

గోదారి_రైతు
లోపల టార్చి వేసి చూశాను, బ్యారెల్‌లోని మెలికల గాడులు మెరుస్తున్నాయి, గుంటల్లేవు. అయినా వచ్చే వారం రాజమండ్రి వెళ్లే పని ఉంది, డీలర్‌కి చూపిస్తాను. నాన్నగారి తోలు కేసు ఒకటుంది, అందులో పెట్టి బీరువాలో ఉంచనా?

కాకినాడ_తీరం
తోలులో వద్దు! సముద్రం పక్కనున్నవాడిగా చెప్తున్నాను. తోలు తేమని పట్టి ఉంచుతుంది, తోలు శుద్ధిచేసిన రసాయనాలు కూడా అందులో మిగిలే ఉంటాయి. మా ఇంట్లో ఇత్తడి రౌండ్లు తోలు బెల్టులో పెడితే పచ్చగా చిలుము పట్టింది. తోలు కేసు నడుముకి కట్టుకునేటప్పుడే. నిలవకి నూనె గుడ్డలో చుట్టి, పక్కన సిలికా జెల్ పొట్లం పెట్టి, తాళం వేయండి. రంగు మారే రకం జెల్ అయితే ఎప్పుడు ఎండబెట్టాలో తెలుస్తుంది. వానాకాలంలో నెలకోసారి తీసి తుడవండి. చేతి చెమట తగిలిన చోటే తుప్పు మొదలవుతుంది, కాబట్టి పెట్టే ముందు చివరగా నూనె గుడ్డతోనే పట్టుకోండి.

సీమ_బిడ్డ
ఇంతకీ అన్నా, మళ్లీ ఎలక్షన్లొస్తే? మళ్లీ అదే గోడౌన్, అదే చెమ్మ.

ఏఆర్_బాబాయ్
ఇవ్వమన్నాక ఇవ్వకుండా కుదరదు కాబట్టి జాగ్రత్తగా ఇవ్వాలి. ఇచ్చే ముందు రోజు వాడకానికి రాసినట్టు పల్చగా కాదు, లోపలా బయటా దండిగా నూనె పట్టించి, మైనం కాగితంలో చుట్టి, జెల్ పొట్లంతో గట్టి సంచిలో కట్టండి. మ్యాగజైన్ వేరుగా. అన్ని వైపులా ఫొటోలు తీసుకోండి. రసీదులో నంబరుతోపాటు వస్తువు స్థితి కూడా రాయించండి, "తుప్పు లేదు, స్లైడ్ సులువుగా కదులుతోంది" అని. రాయడానికి బద్ధకిస్తారు, అయినా నిలబడి అడగండి. చాలా జిల్లాల్లో లైసెన్సున్న డీలర్ దగ్గర కూడా డిపాజిట్ చేయనిస్తారు. అద్దె కొంచెం పడుతుంది కానీ ఆయుధం విలువ తెలిసినవాడి చేతిలో ఉంటుంది. కోడ్ ఎత్తేసిన రోజే వెళ్లండి. తెచ్చుకున్నాక ఆ దండి నూనె అంతా తుడిచి, బ్యారెల్‌లోంచి పొడి పేలిక లాగకుండా రౌండు పెట్టొద్దు.

గోదారి_రైతు
రసీదులో స్థితి రాయించడం నాకు తట్టలేదు బాబాయ్ గారూ. పంచాయతీ ఎన్నికలకు అలాగే చేస్తాను. డీలర్ స్ప్రింగు గురించి ఏమన్నారో వచ్చే వారం ఇక్కడే రాస్తాను.